నలభై ఎనిమిది గంటల కుర్చీ

ఇలా చాప మీదికి జరగండి. ఫ్యాను చప్పుడులో నా గొంతు అక్కడిదాకా రాదు. చేతిలో పని ఉంటే మానక్కర్లేదు, చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూనే వినండి. చెప్పేది మా మేడమీది అన్నయ్య సంగతి. పేరు చెప్పను. బతికుండగా కూడా నేనాయన్ని పేరుతో పిలవలేదు, ఆయన నన్ను పేరుతో పిలవలేదు. ఆయన నాకు అన్నయ్య, నేను ఆయనకు సెల్లెమ్మ. మా మధ్య రక్తసంబంధం ఏమీ లేదు. ఉన్నదల్లా మెట్ల సంబంధం. పద్నాలుగు మెట్లు, పైన వాళ్ళు, కింద మేము.

మొన్న గాజువాకలో షేర్ ఆటో ఎక్కాను, మల్కాపురంలో మా చెల్లెల్ని చూడ్డానికి. నా ఎదురుగా ఇద్దరు యూనివర్సిటీ పిల్లలు, ఒళ్ళో సంచులు పెట్టుకుని వాదించుకుంటున్నారు.

"వారానికి ముప్పై గంటలు సదివితే సాలు బావా."

"యాబై అంట. మా సీనియర్ సెప్పాడు."

"యాబయ్యా? మరి బతికేదెప్పుడు?"

ఆటో తోలే అతను అద్దంలోంచి చూసి అన్నాడు. "నన్నడగండి. నాను వారానికి ఎనబై గంటలు ఈ సీట్లో కూకుంటన్నాను. నాకొక్క డిగ్రీ రానేదు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా కళ్ళ ముందు ఒక ఇనప కుర్చీ కనబడింది, దానిలో ఒక మనిషి, పుస్తకం మీద వేలు పెట్టుకుని. దిగాల్సిన చోటు దాటిపోయింది, ఎండలో వెనక్కి నడిచి వచ్చాను.

ఆయన స్టీల్ ప్లాంటులో క్రేను నడిపేవారు. నేల మీద తిరిగే క్రేను కాదు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ పోయే క్రేను. దాని క్యాబిన్లో కూర్చుని, కరిగిన ఉక్కు నిండిన పెద్ద బానను ఎత్తి, తీసుకెళ్ళి, దించాలి. ఆ బానను లేడిల్ అంటారట. కింద మనుషులు తిరుగుతుంటారు. చప్పుడులో మాట వినబడదు, అందుకని కిందివాళ్ళు చేతులతో చెబుతారు, పైవాడు చేతులు చూసి నడుపుతాడు. ముప్పై ఏళ్ళు ఆ చేతులే చూసి చూసి, ఆయనకు కూడా నోటికన్నా చెయ్యి ముందు కదిలేది.

కుడిచెయ్యి చాచి, అరచెయ్యి నేలవైపు తిప్పి, వేళ్ళు మెల్లగా ముడిచి విప్పేవారు. నెమ్మదిగా దించు అని దాని అర్థం. నేను సాంబారు గిన్నె పట్టుకుని మెట్లు దిగుతుంటే పైనుంచి అదే చెయ్యి. సందులో ఎవరైనా బండి వెనక్కి తీస్తుంటే అదే చెయ్యి. మా ఆయనకు కోపం వచ్చి గొంతు పెరిగిన రోజున మెట్ల మీద నిలబడి, ఒక్క మాట అనకుండా, అదే చెయ్యి. ఏం మాయో గాని మా ఆయన గొంతు ఆ వేళ్ళతోపాటే దిగేది. తర్వాత నాతో అనేవాడు, "మీ అన్నయ్య నన్ను కూడా బానలాగ దించేత్తన్నాడే."

ఇంకొకటి ఆయన పట్టుదల. సీటు ఖాళీగా ఉండకూడదు. షిఫ్టు అయిపోయినా, ఇంటికి బస్సు వెళ్ళిపోతున్నా, తన చోటుకి వచ్చే మనిషి వచ్చి కూర్చునేదాకా లేవకూడదు. దాన్ని వాళ్ళు రిలీఫు అనేవారు. ప్లాంటులో అది అందరికీ ఉన్న పద్ధతే. ఈయన దాన్ని ఇంటిదాకా మోసుకొచ్చారు. ఒకసారి పెళ్ళిలో ఎవరో ఆవిడ, కాస్త నా సంచి చూడండి అని చెప్పి, మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయింది. బంతి తర్వాత బంతి లేచిపోతోంది, ఈయన ఆ సంచి పక్కనే కూర్చున్నారు. వంటవాళ్ళు గుండిగలు కడుక్కుంటుంటే వెళ్ళి పిలిచాను.

"రా అన్నయ్యా, పెరుగన్నం ఉంది."

"నువ్విక్కడ కూకో సెల్లెమ్మా, అప్పుడెల్తాను."

నేను కూర్చున్నాకే లేచారు.

మూడోది సంతకం. ఆయన ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. షిఫ్టు మొదట్లో క్రేను బ్రేకు చూసి, లాగ్‌బుక్కులో బాగుందని రాసి సంతకం పెట్టాలి. ఒకరోజు ఒకడు బద్ధకించి, చూడకుండానే పెట్టాడు. ఆ పూట బాన జానెడు జారింది. జానెడే. ఎవరికీ ఏమీ కాలేదు. కాని కింద నిలబడ్డది ఈయన. అప్పుడింకా కిందే పని. "నెత్తి మీద ఎర్రగా సూరీడు దిగినట్టు దిగింది సెల్లెమ్మా" అనేవారు. "సంతకమంటే పేరు కాదు. నీ కన్ను అక్కడెట్టినట్టు."

ఇక వినండి అసలు సంగతి.

ఆయనకు ఒక్కతే కూతురు, యమున. పిల్ల ఏడో తరగతిలో ఉండగా తల్లి జ్వరంతో పోయింది. యూనివర్సిటీలో ఇంజినీరింగు సీటు వచ్చినప్పుడు సందంతా కాజాలు పంచారు. రెండో ఏడు చివరికి వచ్చేసరికి మొదటి ఏటివి మూడు పరీక్షలు పోయి ఉన్నాయని తెలిసింది. ఆ మూడింటిలో రెండైనా పాసవ్వకపోతే మూడో ఏడాదిలోకి ఎక్కనివ్వరు. ఏడాది ఇంట్లో కూర్చోవాలి. పరీక్షలకు ఐదు వారాలుంది, క్లాసులు అయిపోయి సెలవులిచ్చారు.

ఆ పొద్దున నేను ఇడ్లీలు దించుతున్నాను. మా వరండాలో నేను ఇడ్లీ అమ్ముతాను, తొమ్మిదింటికల్లా అయిపోతాయి. ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు, యమున పై మెట్టు మీద తల వంచుకుని.

"వారానికి ఎన్ని గంటలు సదవాలని మీ సారోళ్ళు సెప్పారు?"

"అలగేటీ సెప్పరు నాన్నా."

"గంటలు సెప్పకుండా పనెలగ సేయిత్తారు?"

"ఎవరికి ఎంత కావాలో అంత సదూకోవాల."

"మా కాడ అలగంటే క్రేను కూలిపోద్ది." కాసేపు వేళ్ళు లెక్కబెట్టుకున్నారు. "రోజుకెనిమిది. ఆరు రోజులు. నలబై ఎనిమిది. ఒక రోజు ఆఫ్. ఉక్కు సెయ్యడానికి అది సాల్తంది. సదువుకీ సాల్తది."

అన్న మాట ప్రకారం ఆ సాయంత్రమే ఎక్కడిదో పాత ఇనప కుర్చీ మోసుకొచ్చి, కిటికీ దగ్గర బల్ల ముందు వేశారు. పొడుగు నోట్‌బుక్కులో స్కేలుతో గీతలు గీశారు. కూర్చున్న టైము, లేచిన టైము, సంతకం. ఎనిమిది నుంచి పన్నెండు, ఒంటిగంట నుంచి ఐదు. గంటకో సంతకం. ఆ వారం ఆయనకు ఎ షిఫ్టు. చీకటుండగానే వెళ్ళి, మూడు దాటాక వస్తారు. మరి అప్పటిదాకా సంతకం ఎవరు పెట్టాలి?

"నాకు ఇంగ్లీసు ముక్క రాదన్నయ్యా" అన్నాను. నేను చదివింది ఐదు.

"నువ్వు సదవక్కర్లేదు. పిల్ల సీట్లో ఉందా, కళ్ళు పుస్తకం మీద ఉన్నాయా, అంతే సూడు."

మా ఆయన నవ్వాడు. "ఏటే, నీక్కూడా షిఫ్టు పడిందా? క్యాంటీను బిళ్ళ ఇచ్చారేటి?"

మొదటి రోజు నాకు గొప్పగానే ఉంది. తొమ్మిదికి వెళ్ళాను, పది, పదకొండు, పన్నెండు. మళ్ళీ రెండు, మూడు. పదికి వెళ్ళినప్పుడు రెండు ఇడ్లీలు, కారప్పొడి నూనె పట్టుకెళ్ళాను. నూనె చుక్క ఒకటి పుస్తకం మీద పడింది, బోర్లించిన జల్లెడలాంటి బొమ్మ పక్కన. పైట చెంగుతో అద్దాను, మరక ఉండిపోయింది. పదకొండుకి వెళితే ఆ మరక అక్కడే ఉంది. పన్నెండుకి కూడా. రెండింటికీ మూడింటికీ అదే మరక, అదే జల్లెడ. కష్టమైన పేజీ కాబోలనుకున్నాను, సంతకం పెట్టాను.

రెండో రోజు పొద్దున వేరే పేజీ. పదింటికి చూస్తే అడ్డంగా గీసిన గీతలు, మెట్లలాగ. మూడింటికి కూడా మెట్లే. పిల్ల కళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి. రెప్ప కూడా సరిగా వాల్చడం లేదు. జడ వేసుకోలేదు. నేను పెట్టిన ఇడ్లీ అలాగే చల్లారి ఉంది.

మూడో రోజు మూడింటి సంతకం పెట్టాక అడిగాను.

"అమ్మడూ, పేజీ తిప్పట్లేదేటే?"

పెన్ను కింద పెట్టింది.

"పదింటి దాకా బాగుంటదత్తా. ఆపైన అచ్చరాలు సీమలయిపోతాయి. అటూ ఇటూ పాకుతుంటాయి. నాను సూత్తానే ఉంటాను, లోపలికేటీ ఎల్లదు."

"మరి నాన్నతో సెప్పొచ్చు కదా."

"ఏటని సెప్పాల? ముప్పై ఏళ్ళు ఆ కొలిమి ఏడిలో ఎనిమిదేసి గంటలు కూకున్నాడు. నాను ఫ్యాను కింద కుర్సీలో కూకోలేనని సెప్పాలా?"

"ఇలాగైతే పరీచ్చ?"

"పోతాది." ఆ మాట, ఇవాళ కూరేమిటో చెప్పినంత మామూలుగా అంది. "ఈసారి పోతే నానింక ఎల్లనత్తా. అమ్మమ్మ ఊరెల్లిపోతాను. నాన్న మొకం సూడలేను. నువ్వు సెప్పకు. నా మీదొట్టు."

నేను చెప్పలేదు. ఆ తర్వాత మూడు రోజులు, రోజుకు నాలుగు, తెలిసి తెలిసి పన్నెండు సంతకాలు పెట్టాను. కిందికొచ్చి పప్పు రుబ్బుతుంటే నెత్తి మీద ఏదో వేలాడుతున్నట్టుండేది. రెండుసార్లు తలెత్తి కప్పు చూశాను. మా ఆయన అడిగాడు, ఏటి సూత్తన్నావని. బల్లి అని చెప్పాను.

ఏడో రోజు ఆయనకు ఆఫ్, పిల్లకూ ఆఫ్. పొద్దున్నే లాగ్‌బుక్కు చంకలో పెట్టుకుని, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగారు. నా పొయ్యి దగ్గర మెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచి, నావైపు తిప్పారు.

"సూడు సెల్లెమ్మా. నలబై ఎనిమిది. ఒక్క గంట పోనేదు. ఒక్క గడి కాళీ నేదు." సంతకాల వరస మీద వేలు పెట్టి దించుకుంటూ వచ్చారు. "ఇందులో ముప్పాతిక నీ కన్నే. నీ రునం తీర్సుకోలేను."

ఆవిరి మొహం మీద కొడుతోంది. మూత నా చేతిలో ఉండిపోయింది. ఒట్టు ఒక పక్క, ఆ వేలు ఒక పక్క. ఆ వేలు మెల్లగా దిగి, ఐదో రోజు రెండింటి సంతకం మీద ఆగింది.

"అది అబద్దం అన్నయ్యా" అన్నాను.

ఆయన వేలు తీయలేదు.

"దాని కిందదీ అబద్దమే. మొత్తం పన్నెండు. పిల్ల సీట్లో ఉంది. కళ్ళు కూడా ఉన్నాయి. పది దాటాక పేజీ తిరగలేదు. అన్నీ తెలిసే పెట్టాను."

అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. పుస్తకం మూశారు. ఇడ్లీకి వచ్చిన వాళ్ళు ఇద్దరు గిన్నెలు పట్టుకుని చూస్తున్నారు. ఆయన లేచి మెట్లెక్కారు. నేను పొయ్యి కట్టేసి వెనకాలే వెళ్ళాను.

యమున గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తండ్రి అడుగుల చప్పుడుకి లేచి కూర్చుంది. నా మొహం చూసింది, అర్థమైపోయింది. ఆయన ఏమీ అడగలేదు. కుర్చీ వెనక్కి లాగి, తానే కూర్చున్నారు. పుస్తకం తెరిచారు.

"టైము రాసుకో సెల్లెమ్మా. ఎనిమిది. ఒక షిఫ్టు నాను సేత్తాను. ఏది సెయ్యలేనిదో సూత్తాను. ఈసారి కన్నెట్టి సంతకం ఎట్టు."

"నాన్నా, అది నీకర్తం కాదు."

"నాకు ఐటీఐలో ఇంగ్లీసుండేది."

నేను గుమ్మంలో కూర్చున్నాను. యమున గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన వేలితో అక్షరం అక్షరం పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివారు. మొదటి గంట వెన్ను వంచలేదు. సంతకం పెట్టాను. రెండో గంటలో చొక్కా వీపుకి అంటుకుపోయింది, వేలు మాత్రం ఆగలేదు. పది కొట్టింది, సంతకం పెట్టాను. కింద ఎవరో ఇడ్లీ ఇడ్లీ అని పిలిచి వెళ్ళిపోయారు. పదింబావు అయ్యేసరికి వేలు ఒకే చోట తిరగడం మొదలెట్టింది. ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అచ్చం పిల్ల కళ్ళలాగే.

పదిన్నర దాటింది. తల ఒక్కసారి ముందుకు వాలింది. అంతే, ఉలిక్కిపడి, కుడిచెయ్యి గాల్లోకి వెళ్ళి, లేని పిడిని పట్టుకుని, తనవైపు బలంగా లాగింది. కుర్చీ నేల మీద కీచుమంది. ఆయన మొహంలో రక్తం లేదు. క్రేను బ్రేకు లాగారు. మేడమీద, కిటికీ పక్కన, పుస్తకం ముందు.

ఆయన తన చేతిని చూసుకుంటున్నారు, ఎవరిదో అన్నట్టు.

యమున మెల్లగా అడిగింది. "నాన్నా, క్యాబిన్లో ఎనిమిది గంటలూ నువ్వే ఉంటావా?"

ఆయన ఆ చేతిని ఒళ్ళోకి తెచ్చుకున్నారు.

"నేదు."

"మరి?"

"రెండు గంటలు. ఆపైన నా జతగాడు ఎక్కుతాడు. నాను దిగి మంచినీళ్ళు తాగి, బయట గాలికి నిలబడతాను. మల్లీ రెండు గంటలకి నాను. రెండు దాటి ఒకడే కూకుంటే కన్ను మోసం సేత్తది."

"మరి నాకు జత ఎవరు?"

నిష్ఠూరంగా అనలేదు పిల్ల. తెలియక అడిగినట్టే అడిగింది. ఆయన కూతుర్ని చూశారు. ఆ వారం రోజుల్లో అప్పుడే చూసినట్టు చూశారు, చింపిరి జుట్టు, కళ్ళ కింద నల్లచారలు, బల్ల మీద నిన్నటి ఇడ్లీ. ముప్పై ఏళ్ళు దిగి నిలబడ్డ ఆ రెండేసి గంటలు ఆయనకు లెక్కలోనే రాలేదు. ఇంటికొచ్చి ఎనిమిది అని చెప్పడమే అలవాటు. మిగతాది చెప్పాల్సిన సంగతని ఎప్పుడూ తోచలేదు.

ముందు నా లెక్క తేల్చారు. లాగ్‌బుక్కు నా ముందు పెట్టి, "కొట్టెయ్యి" అన్నారు. నేను గజిబిజిగా గీయబోతే చెయ్యి పట్టుకున్నారు. "అలగ కాదు. తప్పు కనబడాల. ఒక్క గీత గియ్యి, పక్కన సంతకం ఎట్టు." పన్నెండు గీతలు, పన్నెండు సంతకాలు. అవి పెడుతుంటే నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి, కాని చెయ్యి మాత్రం తేలికైంది. ఆయన నాతో వారం రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి. ఇడ్లీకి మాత్రం వచ్చేవారు. గిన్నె చాచి, రెండు వేళ్ళు చూపించేవారు. మెట్ల మీద సాంబారు గిన్నెతో దిగుతుంటే మాత్రం చెయ్యి చాచేవారు. కోపంలో కూడా అది మానలేదు.

ఆ మర్నాటి నుంచి పద్ధతి మారింది. రెండు గంటలు పిల్ల కూర్చుంటుంది. తర్వాత లేస్తుంది, డాబా మీదికి వెళ్ళి యారాడ కొండవైపు చూస్తూ తిరుగుతుంది, తల దువ్వుకుంటుంది, పడుకుంటుంది, ఆమె ఇష్టం. కాని సీటు ఖాళీగా ఉండకూడదు కదా. ఆయన వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవారు. పిల్ల ఆపిన వరస మీద వేలు పెట్టి, అలాగే కూర్చునేవారు, పుస్తకం గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు. ఆయన షిఫ్టుకి వెళ్ళినప్పుడు అలా కూర్చునేది నేను. ఇంగ్లీషు పుస్తకం మీద వేలు పెట్టుకుని, ఏమీ తెలియకుండా, ఆ వరసను కాపలా కాసేదాన్ని. మా ఆయన గుమ్మంలోకి వచ్చి చూసి, "ఇంజినీరమ్మగారూ, అన్నం ఎడతారా?" అని దండం పెట్టాడు. పిల్ల పకపకా నవ్వింది. చాలా రోజులకు విన్న నవ్వు అది.

పిల్ల వచ్చి వెనక నిలబడి, "రిలీఫత్తా" అనేది. అప్పుడు వేలు తీసి, ఆమె వేలు ఆ వరస మీద పెట్టి, లేచేదాన్ని.

అయితే ఆయనకు మనసు కుదుటపడలేదు. ప్రతి వారం చివర గంటలు కూడేవారు. ముప్పై ఒకటి. ముప్పై. ఒక వారం ఇరవై ఎనిమిది. "ఇంకా ఇరవై తక్కువ" అని గొణుక్కునేవారు. కూతురికి వినబడనివ్వకుండా మెట్ల దాకా వచ్చి గొణుక్కునేవారు. పరీక్షల ముందురోజు బస్‌స్టాపులో ఎవరో కాలేజీ మాస్టారు కనబడితే పట్టుకున్నారట, వారానికి ఎన్ని గంటలు చదివితే సరిపోతుందో చెప్పండని. ఆ మాస్టారు, పిల్లని బట్టి ఉంటుందండీ అన్నాడట. ఇంటికొచ్చి నాతో మొదటి మాట అదే. "పిల్లని బట్టంట సెల్లెమ్మా. సదువుకున్నోలంతా ఒక మాట మీదున్నారు, నెంబరు మాత్రం ఒక్కడూ సెప్పడు."

ఫలితాలు వచ్చిన రోజు పొద్దుటి నుంచి ఆయన మెట్ల మీదే. పిల్ల లోపల ఫోను పట్టుకుని ఉంది. నేను ఇడ్లీలు అమ్ముతున్నాను కాని ఎవరికెన్ని ఇచ్చానో తెలియదు. పన్నెండు దాటాక యమున బయటికొచ్చి రెండు వేళ్ళు చూపించింది. రెండు పాసు. ఒకటి పోయింది. మూడో ఏడాదిలోకి ఎక్కవచ్చు.

ఆయన కళ్ళు మూసుకున్నారు. కుడిచెయ్యి దానంతటదే చాచుకుని, వేళ్ళు మెల్లగా ముడిచి విప్పుకున్నాయి. ఏ బాన ఎక్కడ దిగిందో ఆయనకే తెలియాలి. తర్వాత కళ్ళు తెరిచి మొదట అన్నదేమిటో చెబితే నమ్మరు.

"ఆ మూడోదానికి ఇంకో ఆరు గంటలేసుంటే?"

"నాన్నా" అంది పిల్ల.

"సరే సరే. ఊరికే అన్నాను."

ఊరికే కాదు. చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. పిల్ల చదువు అయిపోయి, మల్కాపురం వైపు ఒక ల్యాబులో నూనెలు పరీక్ష చేసే ఉద్యోగంలో చేరాక కూడా, సందులో ఏ కాలేజీ పిల్ల కనబడినా ఆపి అడిగేవారు. "ఏమ్మా, వారానికెన్ని?" వాళ్ళు ఏదో అంకె చెప్పేవారు. "మద్దిలో దిగుతన్నావా?" అనేవారు. ఆ రెండో ప్రశ్న ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఏదో తాతగారి చాదస్తం అనుకుని తలూపి పోయేవారు.

మొన్న వానాకాలంలో పోయారు. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆ ఇనప కుర్చీలోనే వెనక్కి వాలారు. గుండె. యమున డ్యూటీకి బయల్దేరబోతూ చూసింది.

ఆయన్ని ఆ గదిలోనే చాప మీద పడుకోబెట్టారు. పిల్ల పక్కన కూర్చుని తండ్రి కుడిచెయ్యి పట్టుకుంది. ఏడవలేదు. ఎనిమిదింటికి పట్టుకున్న చెయ్యి. శ్రీకాకుళం వైపు నుంచి చుట్టాలు రావాలి, వానకి బస్సులు ఆగాయి. పది అయింది. పన్నెండు అయింది. పెద్దవాళ్ళు వచ్చి లెమ్మన్నారు, స్నానం చెయ్యమన్నారు, నీళ్ళు తాగమన్నారు. మేనమామ వచ్చి భుజం పట్టుకుని లేపబోయాడు. విదిలించుకుంది. కళ్ళు తండ్రి మొహం మీదే ఉన్నాయి, రెప్ప వాల్చడం లేదు. ఆ కళ్ళు నాకు తెలుసు. పది దాటాక పేజీ తిరగని కళ్ళు అవి. ఒంటిగంట కూడా అయింది. మగవాళ్ళు మెట్ల దగ్గర గుసగుసలాడుకుంటున్నారు, చీకటి పడేలోగా తీసుకెళ్ళాలని, పిల్ల వదలకపోతే ఎలాగని. బలవంతంగా విడిపించాలేమో అని ఎవరో అన్నారు.

నేను వెళ్ళి పిల్ల వెనక నిలబడ్డాను.

"లే తల్లీ" అన్నాను. "రిలీఫుకొచ్చాను."

తల తిప్పి నన్ను చూసింది. జరిగి చోటిచ్చింది. నేను కూర్చున్నాక, తండ్రి చేతిని నా చేతిలో పెట్టింది. తన వేళ్ళు ఉన్నచోటే నా వేళ్ళు ఉండేలా సర్ది, అప్పుడు లేచింది. మంచినీళ్ళు తాగింది. డాబా మీదికి వెళ్ళి, వానలో, యారాడ కొండవైపు తిరిగి నిలబడింది. అక్కడ ఏడ్చింది. కిందికి వినబడింది.

చుట్టాలు నాలుగింటికి వచ్చారు. పాడె కట్టాక మెట్లు దించాలి. పద్నాలుగు మెట్లు, ఇరుకు, వానకి జారుతున్నాయి. నలుగురు మగవాళ్ళు తడబడుతున్నారు, ఒకడు ఎడమ అంటాడు, ఒకడు కుడి అంటాడు. యమున అందరికన్నా ముందు దిగి, కింద సందులో నిలబడి, పైకి చూసింది. కుడిచెయ్యి చాచింది. అరచెయ్యి నేలవైపు తిప్పింది. వేళ్ళు మెల్లగా ముడిచింది, విప్పింది, ముడిచింది.

మోసేవాళ్ళు మాటలు మానేసి ఆ చేతినే చూశారు. ఒక్కో మెట్టూ, ఒక్కో మెట్టూ, తొణక్కుండా దించారు.

చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి, గిన్నె ఇలా ఇవ్వండి. మీ ఇంట్లో చదివే పిల్లలు చల్లగా ఉండాలి, వాళ్ళు మధ్యమధ్య లేచి గాలికి నిలబడేందుకు మీ డాబా మీద చోటుండాలి. మీ ఇంట్లో ఎవరు అలిసినా, లే తల్లీ నేనున్నాను అనే మనిషి వెనకాలే ఉండాలి. మీ కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు.